అట్టెవరు పోస్తున్నారు?

పోయిన నెల భీమవరం నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఊళ్ళో వానల సంగతి, పిల్లల పరీక్షల సంగతి, కొత్తగా వేసిన రోడ్డు అప్పుడే కొట్టుకుపోయిన సంగతి అన్నీ చెప్పి, ఇక పెట్టేస్తాననగా, "అన్నట్టు అక్కా, మొన్న మన ఊరెళ్ళి పిన్ని వాళ్ళ డైనింగ్ టేబుల్ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. కాళ్ళకి చెద పట్టేసింది. పిన్ని పోయాక ఎవరూ దాని మొహం చూడట్లేదు కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవర్నడిగి ఇచ్చావురా?" అని అరిచాను. పక్కగదిలో చదువుకుంటున్న మా అమ్మాయి పుస్తకం మూసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అవతల తమ్ముడు, "చెద పట్టిన చెక్కకి కూడా నీ పర్మిషన్ కావాలేంటక్కా?" అన్నాడు. కావాలి. ఆ బల్ల విషయంలో మాత్రం కావాలి. అది మా ఇంటికి ఎలా వచ్చిందో వాడికి తెలుసు, దాని దగ్గర ఏం జరిగిందో వాడు కళ్ళారా చూశాడు. అన్నీ తెలిసి ఇచ్చేశాడని నా కోపం.

నాకు కోపం ఎక్కువని ఇంటా బయటా పేరు. నేను ఇంగ్లీషు చెప్పే బడిలో పిల్లలు నన్ను చూస్తే వరండాలో పరుగులు ఆపేస్తారు. వయసుతో పాటు తగ్గుతుందన్నారు. తగ్గలేదు సరికదా, పాత సంగతులు కూడా తవ్వుకుని కోప్పడే ఓపిక వచ్చింది. నిజానికి ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా నేను కోప్పడుతూ కూర్చున్నది తమ్ముడి మీద కాదు. పాలకొల్లు బస్టాండు పక్కన ఒక లాడ్జి గదిలో చిన్నప్పుడు విన్న నవ్వు మీద. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మాది పాలకొల్లుకి దగ్గర్లోనే ఒక కాలవగట్టు ఊరు. పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, వెనకాల వంటపాక. ఇంట్లో మామ్మ, అంటే నాన్న తల్లి. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. నాన్న తర్వాతివాడు బాబాయి, ఆయన భార్య రత్నం పిన్ని. మా ఇంట్లో తెల్లవారిందంటే రుబ్బురోలు చప్పుడు వినబడాల్సిందే. పిన్ని అందరికన్నా ముందు లేచి, రాత్రి నానబోసిన పెసలు రుబ్బేసేది. అప్పటికి అమ్మ పాలు పితికి వచ్చి పొయ్యిలో కొబ్బరిడొక్కలు పేర్చేది. డొక్కలు రాజుకునేటప్పటి పొగ, దంచిన అల్లం ఘాటు, పెనం మీద సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రాసినప్పుడు లేచే వాసన, ఇవన్నీ కలిసి మంచాల దాకా వచ్చి మమ్మల్ని లేపేవి. పిన్ని చేతి పెసరట్టు అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా ఉండేది. పెనం మీద పిండి తిప్పేటప్పుడు ఆవిడ చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. ఆదివారమైతే ఇత్తడి గిన్నెలో దిబ్బరొట్టె. పైన నిప్పులు, కింద నిప్పులు పెట్టి కాలిస్తే ఎర్రగా పొంగేది. దాన్ని ముక్కలు కోసి చెరుకు పానకంలో ముంచుకుని తినేవాళ్ళం.

తినేవాళ్ళం అన్నానుగానీ, ఆ మాటలో అందరూ లేరు. ముందు నాన్న తినేవాడు, రైసుమిల్లుకి వేళవుతుందని. తర్వాత బాబాయి, ఆయనకి ఎక్కడికీ వేళయ్యేది కాదుగానీ మగవాడు కనక. తర్వాత బడికెళ్ళే మేమిద్దరం. పూజ అయ్యాక మామ్మ. ఇన్ని విడతలు అయ్యేసరికి పొద్దు బాగా ఎక్కేది. అప్పుడు అమ్మ, పిన్ని పిండి గిన్నె వంక చూసేవాళ్ళు. అడుగున మిగిలితే గరిటెతో గీకి చెరో మందపాటి అట్టు పోసుకునేవాళ్ళు, లేదంటే రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తినేసేవాళ్ళు. పొయ్యి దగ్గరున్న మనిషి అందరూ లేచాకే నోట్లో ముద్ద పెట్టాలని మామ్మ పద్ధతి. ఆవిడకి వాళ్ళ అత్తగారు పెట్టిన పద్ధతి. ఒకసారి పిన్నికి ఆకలితో కళ్ళు తిరుగుతుంటే అమ్మ ఒక అట్టు తుంచి నోట్లో పెట్టబోయింది. మామ్మ గుమ్మంలోంచి చూసి, "మగాళ్ళింకా మొహాలే కడుక్కోలేదు, అప్పుడే ఎంగిళ్ళా?" అంది. అమ్మ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. మామ్మ చెడ్డ మనిషేం కాదు, మాకు కథలు చెప్పి నిద్రపుచ్చిన మనిషి. అయినా ఆ ఒక్క మాటకి నేను ఆవిణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

బాబాయి గురించి చెప్పాలి. ఊళ్ళో బాబాయంటే ఇష్టం లేనివాళ్ళు ఉండరు. పెళ్ళిపందిట్లో ఆయనుంటే భోజనాలు ఆలస్యమైనా ఎవరూ విసుక్కునేవారు కాదు, అంత బాగా నవ్వించేవాడు. ఆ రోజుల్లో అందరూ వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తుంటే తన వాటా పొలం కూడా తవ్వించేశాడు. మొదటి పంటకి మోటారు సైకిలు కొన్నాడు. ఆ తర్వాత తెల్లమచ్చ జబ్బొచ్చి రొయ్యంతా చచ్చి తేలిపోయింది. మోటారు సైకిలు పోయింది, పొలం మళ్ళీ వరికి పనికిరాకుండా పోయింది. నాన్న తను పనిచేసే మిల్లులోనే పని చూస్తానంటే, "నేనెళ్ళి ఒకడి దగ్గర లెక్కలు రాయాలా అన్నయ్యా?" అన్నాడు. వేరేవాళ్ళ చెరువు మీద కాపలా ఉండమంటే, "నిన్నటిదాకా చెరువున్నోణ్ణి" అన్నాడు. పిన్ని వెళ్ళి పాలకొల్లులో ఒక డాక్టరు గారింట్లో వంట చేస్తానంది. బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. పక్క ఊళ్ళో తన పెళ్ళాం వంటమనిషి అంటే పరువేం కాను?

అలాంటి పరువుగల మనిషికే, మా వీధి చివరావిడ కువైట్ వెళ్ళొచ్చి డాబా వేయించుకునేసరికి ఒక ఆలోచన వచ్చింది. అక్కడైతే ఎవరు చూస్తారు? అరిచి గీపెట్టినా ఊళ్ళోవాళ్ళకి వినబడదు. ఊరికి మాత్రం రత్నం హైదరాబాదులో వాళ్ళ తమ్ముడి దగ్గరికి వెళ్ళిందని చెబుదామనుకున్నారు. పక్క ఊళ్ళో గరిటె పట్టుకుంటే పోయే పరువు, సముద్రం అవతల అంట్లు తోమితే పోదన్నమాట! ఈ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. పిన్నికి పిల్లల్లేరు. దాన్ని కూడా కలిసొచ్చిన సంగతిలాగే మాట్లాడారు. "వెనకాల ఏడ్చేవాళ్ళెవరున్నారు, వెళ్ళడానికేం?" అని చుట్టాలొకావిడ మా అరుగు మీద కూర్చుని, పిన్ని ఇచ్చిన కాఫీయే తాగుతూ అంది. నీకు వెళ్ళాలని ఉందా అని పిన్నిని ఎవరూ అడగలేదు. నేను అడిగితే, "నాకేం తెలుసే అమ్మడూ" అని చెంగుతో మొహం తుడుచుకుంది.

ఏజెంటు ఒక షరతు పెట్టాడు. పిన్నిని తీసుకునే ఇంటివాళ్ళు బొంబాయి వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడినవాళ్ళట, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతారట. అరబ్బీ అదే వస్తుంది, ముందు పొద్దుటి పలహారం గురించి నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి, పాలకొల్లులో ఇంటర్వ్యూ ఉంటుందన్నాడు. ఇంట్లో ఇంగ్లీషు చదివేది తొమ్మిదో తరగతిలో ఉన్న నేనొక్కదాన్నే. బాబాయి నా తలమీద చెయ్యి వేసి, "మీ పిన్నిని దొరసానిని చేసెయ్యాలమ్మా నువ్వు" అన్నాడు. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. అటక మీంచి నా ఆరో తరగతి ఇంగ్లీషు వాచకం దింపాను. అందులో బ్రేక్‌ఫాస్ట్ మీద ఒక పాఠం ఉంది. పాఠం పైన బొమ్మ: ఒక బల్ల, చుట్టూ నాలుగు కుర్చీలు, పేపరు చదువుతున్న తండ్రి, జుట్టు కత్తిరించుకున్న తల్లి, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. బల్ల మీద రొట్టెముక్కలు, గుడ్లు, పాలు. బడిలో మా మాస్టారు బెత్తంతో బల్ల మీద తాళం వేస్తుంటే క్లాసంతా ఒక్క గొంతుతో ఆ పాఠం చదివేవాళ్ళం.

మా బడి పొయ్యి దగ్గరే. పిన్ని అట్లు పోస్తుంటే నేను పీట మీద కూర్చుని మాటలు చెప్పేదాన్ని. బ్రెడ్, బటర్, జామ్, టోస్ట్, ఎగ్, స్పూన్, సాసర్. "బ్రెడ్ తెలుసు కదా పిన్నీ" అంటే, "ఎందుకు తెలీదు, జొరమొస్తే తినేది" అంది. అప్పట్లో మా ఊళ్ళో బ్రెడ్ అంటే అంతే. ఎవరైనా పాలకొల్లు నుంచి బ్రెడ్ పొట్లం పట్టుకుని బస్సు దిగితే, ఇంట్లో ఎవరికి బాగాలేదని దారి పొడుగునా అడిగేవాళ్ళు. "అక్కడ అందరూ రోజూ ఇదే తింటారు" అన్నాను. పిన్ని గరిటె ఆపి, "ఇంటిల్లిపాదికీ రోజూ జొరమేంటే, పాపం" అంది. టోస్ట్ ఎలా ఉంటుందో నేను కూడా ఎప్పుడూ చూడలేదు. ఒక ఆదివారం దిబ్బరొట్టెని పలచగా కోసి, పెనం మీద రెండు వైపులా కాల్చి, పైన మా గేదె వెన్న రాసి, ఇదీ టోస్ట్ అని చెప్పాను. పిన్ని దాన్ని వాసన చూసి తమ్ముడికి పెట్టేసింది.

మాటలు తొందరగానే వచ్చేశాయి, వాక్యాల దగ్గర చిక్కొచ్చింది. "ఐ ఈట్ మై బ్రేక్‌ఫాస్ట్" అను అన్నాను. అంటే ఏంటని అడిగింది. నేను నా టిఫిన్ తింటాను అని చెప్పాను. "అలా ఎలా అంటానే? ముందు వాళ్ళు తినాలి కదా. మీరు తినండి, నేను తర్వాత తింటాననాలి. దానికేమంటారో చూడు" అంది. పాఠం మొత్తం వెతికాను. అందులో అలాంటి వాక్యం లేదు. తండ్రి తింటాడు, తల్లి తింటుంది, పిల్లలు తింటారు, అందరూ ఒకేసారి. తర్వాత తినే మనిషి ఆ పాఠంలో ఎక్కడా లేదు. పిన్ని చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకుంది. బొమ్మని పొయ్యి మంట వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్న తల్లి మీద వేలు పెట్టి, "ఈవిడ కూర్చుంది, సరే. మరి అట్టెవరు పోస్తున్నారే?" అంది.

నేను నవ్వాను. వాళ్ళు అట్లు తినరు పిన్నీ అన్నాను. "ఏదో ఒకటి. ఎవరో ఒకరు పొయ్యాలి కదా" అని పుస్తకం నాకిచ్చేసింది. ఆ తర్వాత నుంచి మాత్రం ఆ పాఠం అంటే ఆవిడకి ఏదో ఇష్టం పట్టుకుంది. నేను అడక్కపోయినా పిండి రుబ్బుతూ పైకి చదువుకునేది. "ఐ సిట్ ఎట్ ద టేబుల్. ఐ ఈట్ మై బ్రేక్‌ఫాస్ట్." పొత్రం తిరిగే లయలో ఆ వాక్యాలు వింటుంటే నాకు మా క్లాసు కన్నా అదే బాగుండేది. అమ్మకి కూడా వచ్చేశాయి. ఒకరోజు మగవాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరూ చద్దన్నం గిన్నె మధ్యలో పెట్టుకుని ఒకరికొకరు ఇంగ్లీషులో అప్పజెప్పుకుని, పొలమారేదాకా నవ్వుకున్నారు. మా అమ్మ అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటర్వ్యూకి బాబాయి, పిన్ని, నేను వెళ్ళాం. గురువు లేకపోతే నోరు రాదని పిన్ని పట్టుబట్టి నన్ను తీసుకెళ్ళింది. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. లాడ్జి మేడమీద గదిలో సఫారీ సూటు వేసుకున్న ఏజెంటు, పక్కన కువైట్ నుంచి సెలవుకొచ్చిన ఒకావిడ కూర్చున్నారు. ఆవిడది తాడేపల్లిగూడెం దగ్గరట. ఆవిణ్ణి మేడమ్ అనాలని ఏజెంటు ముందే చెప్పాడు. ఇంకో నలుగురు ఆడవాళ్ళు గోడవారగా నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు. పిన్ని వంతు వచ్చింది. ఆవిడ కాలు మీద కాలేసుకుని, "వాట్ యూ డూ మార్నింగ్ టైమ్?" అని అడిగింది. పిన్ని నా వైపు ఒకసారి చూసి, చేతులు కట్టుకుని, ఒక్క తప్పు లేకుండా మొదలుపెట్టింది. "ఐ గెటప్ ఎట్ సిక్స్. ఐ వాష్ మై ఫేస్. ఐ సిట్ ఎట్ ద టేబుల్. ఐ ఈట్ మై బ్రేక్‌ఫాస్ట్. ఐ ఈట్ బ్రెడ్ అండ్ బటర్. ఐ ఈట్ ఏన్ ఎగ్. ఐ డ్రింక్ ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్."

ఏజెంటు ముందు నవ్వాడు. "ఏమ్మా, నువ్వెళ్ళేది తినడానికా, వండి పెట్టడానికా?" అన్నాడు. ఆ మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "గుడ్డూ పాలూ కూడా అంటండి. ఇంకా నయం, కాళ్ళు పట్టమనలేదు" అంది. గోడవార ఉన్నవాళ్ళు కూడా, నవ్వకపోతే తమకేం మూడుతుందోనని కాబోలు, నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మా బాబాయి. "ఆయ్, మా అమ్మాయి నేర్పిందండి. స్కూలు పాఠం మొత్తం అప్పజెప్పేసిందండి మాది" అని కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. పిన్ని ఆయన వంకే చూస్తూ నిలబడింది. మేడమ్ నవ్వాపుకుని, "అలా కాదు. మేడమ్ ఈట్. ఐ కుక్. ఐ క్లీన్. ఇలా చెప్పాలి. ఏదీ, అను" అంది. పిన్ని అనలేదు. మళ్ళీ అడిగారు. అప్పుడు పిన్ని, గొంతు పెంచకుండా, "ఐ ఈట్ మై బ్రేక్‌ఫాస్ట్" అంది. ఏజెంటు వాచీ చూసుకుని, "నేర్చుకుని రామ్మా. నెక్స్ట్" అన్నాడు.

తిరుగు బస్సులో బాబాయి ముందు సీట్లో కూర్చుని కండక్టరుతో కూడా మాట్లాడలేదు. పిన్ని, నేను వెనక కూర్చున్నాం. "అలా ఎందుకన్నావు పిన్నీ?" అని అడిగాను. "ఉన్నదే కదే చెప్పాను. మీ క్లాసులో అందరూ చదువుతారన్నావు కదా. అప్పుడెవరూ నవ్వరా?" అంది. నవ్వరు. ఇన్నేళ్ళుగా నేనే ఆ పాఠం లాంటి పాఠాలు ఎన్ని క్లాసులకి చెప్పానో. నేను తింటానని యాభై మంది పిల్లలు ఒకేసారి అరిచినా ఎవరికీ నవ్వు రాదు. అదే వాక్యం పట్టుచీర కట్టుకున్న ఒక రైతు భార్య అంటే గదంతా పగలబడి నవ్వింది. అందులో నవ్వడానికేముందో ఎవరైనా నాకు చెప్పండి. ఇంటికి రాగానే "పిల్లదాని చేత పాఠం చెప్పించుకుంటే ఇలాగే అవుద్ది" అని మామ్మ నన్ను తిట్టింది. నేను నేర్పినదాంట్లో తప్పులేదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

రెండోసారి నన్ను తీసుకెళ్ళలేదు. బాబాయే దగ్గరుండి, వాళ్ళకి కావలసిన ఆ మూడు ముక్కలు పిన్నికి బట్టీ పట్టించాడు. మేడమ్ తింటుంది, నేను వండుతాను, నేను తుడుస్తాను. మా ఆవిడ ఈసారి బాగా చెప్పిందని ఇంట్లో అందరి దగ్గరా మురిసిపోయాడు. వానాకాలం మొదలయ్యేలోపు పిన్ని వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కూడా మాకు పెసరట్లు పోసే వెళ్ళింది. ఆ తర్వాత రుబ్బురోలు దగ్గర అమ్మ ఒక్కతే కూర్చునేది. వీధి చివర ఎస్టీడీ బూత్‌కి పిన్ని ఫోన్ చేసేది. అందరం పరుగెత్తేవాళ్ళం. మొదటి మాట ఎప్పుడూ, "తిన్నారా?" అనే. తిన్నామని వరసగా అందరం చెప్పేవాళ్ళం. ఒకసారి నా వంతు వచ్చినప్పుడు, "నువ్వు తిన్నావా పిన్నీ?" అన్నాను. "ఇంకా లేదే. వీళ్ళవ్వాలి కదా" అంది. వెంటనే బాబాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

పిన్ని పంపినదాంతో ఇంటికి డాబా పడింది, గ్యాస్ పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది. బాబాయి పాలకొల్లు వెళ్ళి డైనింగ్ టేబుల్ తెచ్చాడు. నున్నటి పై చెక్క, ఆరు కుర్చీలు. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చారు. దాని మీద మగవాళ్ళు తినేవాళ్ళు, వచ్చిన చుట్టాల్లో మగవాళ్ళు తినేవాళ్ళు. మామ్మ గోడవార చాప మీద, అమ్మ ఎప్పటిలాగే వంటింట్లో నిలబడి. ఒక ఆడమనిషి దేశం కాని దేశంలో ఎవరికో వడ్డించి సంపాదించిన బల్ల మీద, ఇంట్లో ఆడవాళ్ళు కూర్చోకపోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. నేను కూర్చుంటే మాత్రం, "చదువుకున్న పిల్ల కదా" అని ఊరుకునేవాళ్ళు.

ఇప్పుడు అదంతా పాతకాలం అంటారు. మొన్న భీమవరంలో తమ్ముడింటికి వెళ్ళాను. గాజు పలక వేసిన కొత్త బల్ల. వాడి కూతురు ఇంగ్లీషు మీడియం, పలకడం నాకన్నా బాగా పలుకుతుంది. ఫోన్లో ఒక బొమ్మల పాఠం పెట్టుకుని తండ్రి, తల్లి, పిల్లలు బ్రేక్‌ఫాస్ట్ తింటున్నారని గడగడా చదివింది. ఆ బొమ్మలో కూడా తల్లి కూర్చునే ఉంది. మా మరదలు బ్యాంకు ఉద్యోగానికి టైమవుతున్నా పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్క దోసె తెచ్చి మా కంచాల్లో వేస్తోంది. "నువ్వూ కూర్చోవే" అంటే, "వేడివేడిగా తినాలి కదా వదినా, మీరు కానివ్వండి" అంది. తమ్ముడు రెండో దోసె కోసం ఫోన్లోంచి తల ఎత్తకుండానే కంచం ముందుకి జరిపాడు. చెద పట్టింది ఆ పాత బల్లకేనా అని అడగాలనిపించింది.

మళ్ళీ ఆ పాత బల్ల సంగతికే వస్తాను. కువైట్ నుంచి పిన్ని తిరిగొచ్చేసరికి నాకు ఉద్యోగం వచ్చింది. ఆవిణ్ణి చూడ్డానికి సెలవు పెట్టి ఊరెళ్ళాను. చెంపలు నెరిశాయి, చేతులు గరుకెక్కాయి. మనిషి మాత్రం నిటారుగా నడుస్తోంది. వచ్చిన మర్నాడు పొద్దున్న నాన్న, బాబాయి, తమ్ముడు బల్ల చుట్టూ కూర్చున్నారు. మామ్మ చాప మీద ఉంది. పెసరట్టు కోసం అందరూ వంటింటి గుమ్మం వంకే చూస్తున్నారు. బాబాయి, "ఎన్నాళ్ళయిందిరా మీ పిన్ని చేతి అట్టు తిని" అని చేతులు రుద్దుకుంటున్నాడు. పిన్ని స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, పెనం ముందున్న అమ్మ చేతిలోంచి గరిటె తీసి పిండి గిన్నెలో పెట్టింది. పొయ్యి ఆపేసింది. అమ్మ మణికట్టు పట్టుకుని బయటికి తీసుకొచ్చి ఒక కుర్చీ లాగి కూర్చోబెట్టింది. అమ్మ భయంగా మామ్మ వైపు చూసింది. పిన్ని పక్క కుర్చీ లాక్కుని తనూ కూర్చుంది. రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, ఎన్నో ఏళ్ళ క్రితం పొయ్యి దగ్గర నేర్చుకున్నట్టే, ఒక్కొక్క మాటా తుంచి అంది. "ఐ సిట్ ఎట్ ద టేబుల్."

మామ్మ, "ఇదేం వేషమే రత్నం, మగాళ్ళు ఎదురుచూస్తుంటే?" అంది. బాబాయి నవ్వాడు. లాడ్జి గదిలో నవ్విన నవ్వే. ఈసారి ఆయనతో ఎవరూ కలవలేదు. నాన్న తల దించుకున్నాడు. తమ్ముడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ నవ్వు దానంతటదే ఆగిపోయేదాకా పిన్ని ఓపిగ్గా ఆగింది. తర్వాత బాబాయి మొహంలోకి సూటిగా చూసి, మామూలు గొంతుతో, "మరి అట్టెవరు పోస్తున్నారండీ?" అని అడిగింది.

అమ్మ లేవబోయింది. పిన్ని ఆవిడ చెయ్యి వదల్లేదు. నేనూ లేవలేదు. చివరికి బాబాయే కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు, గరిటె జారిపడిన చప్పుడు, ఒకసారి "అబ్బా" అనడం వినబడ్డాయి. చాలాసేపటికి కంచం పట్టుకుని వచ్చాడు. మూడు ముక్కలై, ఒక పక్క మాడి, ఇంకో పక్క పచ్చిగా ఉన్న అట్టు. పిన్ని ముందు పెట్టి పక్కనే నిలబడ్డాడు. ఆవిడ తొందరపడకుండా, మాడిన ముక్క కూడా వదలకుండా, అల్లం పచ్చడితో చివరిదాకా తింది. మంచినీళ్ళు తాగింది. మా అమ్మ ముందున్న ఖాళీ కంచం ఆయన చేతికిచ్చి, "ఇంకోటి పొయ్యండి. అక్కకి" అంది.